మా అత్త చెప్పిన ‘సాధు’

పోయిన ఆదివారం చర్చిలో పాస్టరయ్య సాత్వికం గురించి గంటసేపు చెప్పినాడు. గొంతు పెంచకూడదంట, మెత్తగా మాట్లాడాలంట. నాకు నవ్వొచ్చింది. నేనెరిగిన సాత్వికురాలు మా మేనత్త. ఆమె ఇంటి ముందర గొంతు విప్పితే నల్లమాడ రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూసేవాళ్లు. కోడిని తిట్టేది, కోడల్ని తిట్టేది, ఆ వెంటనే మోకాళ్లూని ప్రార్థన చేసేది. కోడలంటే మా అక్కే, కాబట్టి ఆ తిట్లలో మా ఇంటికీ వాటా ఉండేది. సాత్వికం అనే మాట పలకడానికి ఆమెకు నోరు తిరిగేది కాదు. గొడ్ల సంతలో ఎద్దును చూసి ‘సాధుదేనా?’ అని అడుగుతారే, ఆ మాటే వాడేది.

రెండు వేల సంవత్సరం దాటినాక వానలు మొహం చాటేసిన ఏండ్లవి. శనక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది, ఊళ్లో బోర్లు దుమ్ము కక్కినాయి. తాగేదానికి ట్యాంకరే గతి, అదీ ఏ పొద్దు వస్తుందో తెలీదు. అది ఆగేచోట బిందెలు వరస పెట్టుకునేవాళ్లం. బిందెతో ఇంట్లో పనుంటే దాని జాగాలో ఒక రాయి పెట్టి పోవచ్చు. రాయి ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క, దాన్ని ఎవురూ కదిలించేవాళ్లు కాదు. అప్పుడు మా అక్క పచ్చి బాలింత, నేను తోడుకు పోయినాను. ఇంట్లో చెంబెడు నీళ్లే మిగిలినాయి.

ఆ పొద్దు ట్యాంకరు వచ్చేసరికి మా రాయి లేదు. ఎదురింటాయన దాన్ని కాలితో తోసేసి తన బిందెలు పెట్టుకున్నాడు. “రాయి నీళ్లు తాగుతుందా ఏమప్పా?” అని నవ్వినాడు. అత్త కొడుకు, మా బావ, పక్కనున్న బండి మీది కాడిమాను తీసి ఆయన మీదికి ఎత్తినాడు. ఎదురింటాయన వెనక్కి తగ్గలేదు, తగ్గాలన్నా వీపుకు ట్యాంకరు అడ్డం. ఆ మాను దిగితే ఒకింట్లో పీనుగు లేస్తుంది, మా అక్క పసిబిడ్డతో జైలు చుట్టూ తిరుగుతుంది.

అత్త పోయి ఇద్దరి నడుమ నిలబడి మానును పట్టుకుంది. “దించు నాయనా” అనింది. ఆమెకు అంత చిన్న గొంతుందని నాకు అప్పటిదాకా తెలీదు.

“నీ మాదిరి చేతగానోడిననుకున్నావా? ఆడ నీ కోడలు నీళ్లు లేక చస్తాండాది” అన్నాడు బావ.

“చేతగాని గొడ్డును సాధు అని ఎవురన్నా కొంటారా? కొమ్ములుండి, బలముండి, చెప్పిన మాట వినేదాన్నే సాధు అంటారు. నీకు కొమ్ములుండాయని అందరూ చూసినారు, చాలు. నీళ్ల సంగతి దేవుడు చూసుకుంటాడు. దించు.”

మాను ఎంతసేపు గాల్లో ఉన్నిందో చెప్పలేను. కడాకు దిగింది. అత్త బిందె ఎత్తుకొని వరస చివరికి పోయింది. మా ముందర ఇంకా బిందెలుండగానే పైపు గురగురమని ఆగిపోయింది. ఎవురూ ఒక చెంబు పోయలేదు, ఎవురివి వాళ్లకే చాలవు. దేవుడు చూసుకున్నాడు పో, అని నాకు ఒళ్లు మండిపోయింది. అత్త ఆ ఎండలో వంక దాకా పోయి, ఇసుకలో చెలమ తోడి, ఊరిన బురద నీళ్లు గుడ్డలో వడకట్టి, కాచి మా అక్కకు ఇచ్చింది. పోతా వస్తా ఎదురింటాయన్ని నోరారా తిట్టింది, అదీ నిజమే.

దేవుడు ఆ పొద్దు మాకు ట్యాంకరు నీళ్లియ్యలేదు. మా అక్క బిడ్డ మాత్రం వాకిట్లో నాయన వేలు పట్టుకొని నడక నేర్చుకుంది, ఇప్పుడు పెళ్లీడుకొచ్చింది. మాను గాల్లో ఉన్న ఆ కాసేపట్లో పోవాల్సిన ఏండ్లనే మేము ఈ పొద్దుటికీ బతుకుతాండాము.