బస్సు మారే చుట్టాల మధ్య దుర్గాశ్రీ ఐసెట్

రావులపాలెం సెంటరుకు నాలుగడుగుల్లో ఇల్లు కట్టుకోవడమంటే, బంధువులందరికీ సొంత ఖర్చుతో ఒక వెయిటింగు రూము కట్టించి ఇచ్చినట్టే. తణుకు నుంచి కోనసీమలోకి వెళ్లాలన్నా, కోనసీమ నుంచి రాజమండ్రి పోవాలన్నా ఆ సెంటరు తగలాల్సిందే. చాలామంది అక్కడ బస్సు మారాల్సిందే. మారాల్సిన బస్సు ఎప్పుడొస్తుందో ఆర్టీసీ వాళ్లకే తెలియదు. ఈలోగా ఎండలో నిలబడటం దేనికి, చంద్రరావుగారింట్లో కాసేపు కూర్చుందాం అనుకుంటారు. కాసేపంటే ముందు మజ్జిగ, ఆ తర్వాత కాఫీ, అటు తర్వాత టిఫిను, బస్సు మరీ ఆలస్యమైతే భోజనం, భోజనం చేశాక ఎలాగూ ఒక కునుకు.

చంద్రరావు అరటి రైతు. కొడుకు గణేష్‌బాబుది మార్కెట్టులో గెలల వ్యాపారం. తెల్లారేసరికి సైకిళ్ల మీద, రిక్షాల మీద గెలలు దిగుతాయి కాబట్టి తండ్రీకొడుకులిద్దరూ మధ్యాహ్నం దాకా ఇంటి మొహం చూడరు. వచ్చేపోయే జనమంతా చంద్రరావు భార్య శ్యామలాంబకీ, కోడలు దుర్గాశ్రీకీ వదిలేసినట్టు. శ్యామలాంబకి అదేమీ బరువు కాదు. తన గుమ్మం తొక్కినవాళ్లెవరూ ఖాళీ కడుపుతో బస్సెక్కలేదని ఆవిడకి మహా గొప్ప. గొప్ప చెప్పుకోదగ్గ సంగతే, కాదనను. ఆ గొప్ప కింద కోడలి చదువు నలిగిపోతోందని మాత్రం ఆవిడకి తట్టలేదు.

దుర్గాశ్రీ అమలాపురంలో బీకాం ఫస్టు క్లాసులో పాసైంది. పెళ్లిచూపుల్లోనే ఎంబీఏ చదువుతానని చెప్పింది. "చదువుకో తల్లీ, ఎవరొద్దన్నారు" అంది శ్యామలాంబ. నిజమే, ఎవరూ వద్దనలేదు. వద్దంటే పోట్లాడొచ్చు. "చదువుకో" అని నోరారా అంటూనే "కాస్త పాలు పొయ్యి మీద పెట్టు, అమలాపురం వాళ్లొచ్చారు" అంటే ఎవరితో పోట్లాడేది?

మొదటిసారి ఎంబీఏ ప్రవేశపరీక్ష ఐసెట్ రాస్తే ర్యాంకు ఎక్కడో తోకలో వచ్చింది. ఆ ర్యాంకుకి సీటంటే అనంతపురం వైపు దొరకాలి. పెళ్లైన పిల్ల హాస్టల్లో ఉండటమనేది ఆ ఇంట్లో ఎవరి ఊహలోనూ లేదు, ఆమె ఊహలో కూడా లేదు. రాజమండ్రి అయితే గౌతమి వంతెన దాటితే చాలు, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. అక్కడ సీటు రావాలంటే రెండు వేల లోపు ర్యాంకు కావాలి. గణేష్‌బాబు మంచివాడే గానీ మాట సూటిగా చెప్పే రకం.

"ఇంకొక్కసారి రాయి. రాజమండ్రి వచ్చిందా, నేనే దగ్గరుండి చేర్పిస్తాను. రాలేదనుకో, ఇంక ఆ ఊసు వదిలేద్దాం" అన్నాడు.

దుర్గాశ్రీ సరేనంది. అని, పెరట్లోకి వెళ్లి ఏడ్చింది. తన బుర్రే మొద్దు అనుకుంది, పిచ్చి పిల్ల.

బుర్ర మొద్దూ కాదు, మన్నూ కాదు. తప్పంతా టైంటేబులుది. మొదటి ఏడాది గైడు పుస్తకంలో ఉన్న టైంటేబులునే దించి గోడకు అంటించింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండే మధ్యాహ్నం పూట మూడు గంటలు చదవండి అని రాశారందులో. ఆ రాసిన పెద్దమనిషి రావులపాలెంలో ఎప్పుడూ బస్సు మారి ఉండడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఊళ్లో అన్ని ఇళ్లూ నిద్రపోతాయేమో గానీ, ఆ ఇల్లు సంతలా ఉంటుంది. పుస్తకం తెరవడం, గేటు చప్పుడవడం, మంచినీళ్ల గ్లాసు పట్టుకుని పరిగెత్తడం, ఏడాదంతా ఇదే తంతు.

రెండో ఏడాది ఆ కాగితం చింపి పొయ్యిలో పెట్టింది. వారం రోజులపాటు ఏమీ చదవకుండా, చుట్టాలు ఎప్పుడొస్తున్నారో, ఎంతసేపుంటున్నారో చూసింది. చూస్తే తెలిసిందేమిటంటే, వాళ్లు వచ్చేదీ పోయేదీ బస్సుల్ని బట్టే. ఒక బస్సుకి గుంపుగా దిగుతారు, ఇంకో బస్సుకి గుంపుగా పోతారు. మధ్యలో చిన్న చిన్న సందులు. తనకున్న టైము బట్టల తానులా లేదు, గుడ్డముక్కల్లా ఉంది. సరే, ముక్కలతోనే కుట్టుకుందామనుకుంది. మగవాళ్లు మార్కెట్టుకి వెళ్లగానే లెక్కలు. గ్రైండరు తిరుగుతున్నంతసేపూ ఎదురుగా గోడకి అంటించిన ఇంగ్లీషు మాటలు. పాలు పొంగేలోగా రీజనింగులో ఒక ప్రశ్న. పాలు నాలుగైదుసార్లు పొంగి పొయ్యి పాలయ్యాయి, అత్తగారు సణిగింది, అది వేరే సంగతి.

ఇంతా చేస్తే ఇంకో చిక్కు. మా వైపు చుట్టానికి అన్నం పెట్టకపోయినా క్షమిస్తారేమో గానీ, హాల్లో ఒంటరిగా వదిలేస్తే క్షమించరు. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పాలి. ఆ పూటలన్నీ దుర్గాశ్రీకి వృథా అయ్యేవి. ఒకరోజు తణుకు నుంచి పల్లంరాజు వచ్చాడు. చంద్రరావుకి పెదతండ్రి కొడుకు, చెరకు రైతు. కూతురు అమలాపురంలో ఉంది కాబట్టి ప్రతి ఆదివారం ఆయన రాక తప్పదు.

"ఏంటమ్మాయ్, ఏం చదువుతున్నావు?" అన్నాడు.

"కాఫీ తెస్తాను మావయ్యగారూ. ఈలోగా మీ వాచీ చూసి నాకు టైం చెబుతారా? ఈ పేజీ లెక్కలు పది నిమిషాల్లో చేయాలండి" అంది.

ఆయన తెల్లబోయాడు. తర్వాత చేతి గడియారం విప్పి టీపాయి మీద పెట్టుకుని, తూకం దగ్గర చెరకు బండిని చూసినట్టు ఆ అమ్మాయిని చూస్తూ కూర్చున్నాడు. పది నిమిషాలవగానే "ఆపు" అన్నాడు. ఒక్క అంకె కూడా వేయనివ్వలేదు.

ఆయన బస్సెక్కాక శ్యామలాంబ విరుచుకుపడింది.

"ఇంటికొచ్చిన మనిషి చేత చాకిరీ చేయిస్తావా? రేపు తణుకులో నా పరువేం కావాలి?"

"ఆయన సరదాపడ్డారండి అత్తయ్యగారూ."

"సరదాపడ్డారని నీకు చెప్పారా? మర్యాదకి ఊరుకుని ఉంటారు."

మర్యాదకి ఊరుకునే మనిషయితే మరుసటి ఆదివారం ముందు బస్సుకే ఎందుకొస్తాడు? వస్తూనే, "పోయినసారి రెండు లెక్కలు మిగిలాయి. ఈసారెన్నో చూద్దాం. కాఫీ తర్వాత" అన్నాడు. కబురు పాకింది. అమలాపురం సత్యకుమారి పిన్ని ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే అడిగి అర్థాలు అప్పజెప్పించుకునేది. తప్పు చెబితే మొట్టికాయ వేసేది. బస్సు రాలేదని విసుక్కునేవాళ్లు కాస్తా, బస్సు తొందరగా వచ్చేసిందని విసుక్కోవడం మొదలుపెట్టారు. శ్యామలాంబ మూతి ముడుచుకుని చూస్తూ ఊరుకుంది.

ముక్కల మీద దుర్గాశ్రీ చెయ్యి బాగా తిరిగింది. పరీక్ష ఇంకో రెండు వారాలుందనగా, ఇంట్లో ఎవరూ లేని ఒక పొద్దున మొత్తం పేపరు ముందేసుకుని కూర్చుంది. రెండున్నర గంటలు, రెండు వందల ప్రశ్నలు. మొదటి అరగంట పరుగే పరుగు. ఆ తర్వాత చెవులు గేటు వైపు తిరిగాయి. ఇంకాసేపటికి ఎవరూ పిలవకుండానే లేచింది. తేరుకునేసరికి వంటింట్లో ఉంది. పొయ్యి మీద పాలగిన్నె, చేతిలో కాఫీ పొడి డబ్బా. ఇంట్లో పురుగు కూడా లేదు.

ఆమె భయపడిపోయింది. రాని లెక్క నేర్చుకోవచ్చు. తమంతట తాము లేచే కాళ్లనేం చేస్తుంది? శ్యామలాంబ గుడి నుంచి వచ్చేసరికి వంటింటి గడప మీద కూర్చుని ఉంది.

"అత్తయ్యగారూ, పరీక్షలో రెండున్నర గంటలు కదలకుండా కూర్చోవాలండి. నాకు కూర్చోవడం రావట్లేదు" అంది.

శ్యామలాంబ ప్రసాదం దొన్నె పక్కన పెట్టి, కోడలి పక్కనే చతికిలబడింది.

"ఈ ఇంటికొచ్చి ముప్పయ్యేళ్లయింది. అంతసేపు నేనెప్పుడు కూర్చున్నాను?" అంది. "ఆదివారం కూర్చో. గుమ్మం నేను చూసుకుంటాను."

ఆ ఆదివారం పెద్ద పెళ్లి ముహూర్తం. ముందు బస్సుకే దిగిన పల్లంరాజు వసారాలో గడియారం ముందేసుకుని కూర్చున్నాడు. దుర్గాశ్రీ గదిలో పేపరు తెరిచి గంట కూడా కాలేదు, గేటు ముందు వ్యాను ఆగిన చప్పుడైంది. అమలాపురం వెళ్లే పెళ్లివారు. సెంటరు దగ్గర వ్యాను మొరాయించిందట, తోసుకుంటూ తీసుకొచ్చారట. చెప్పులు విప్పుతున్న శబ్దం, పిల్లల కేకలు, "చంద్రరావుగారున్నారాండీ" అని పిలుపు. ఇరవైమందికి తక్కువుండరు. వంటింట్లో అత్తగారు ఒక్కతే ఉంది. దుర్గాశ్రీ కుర్చీలోంచి సగం లేచింది.

అంతలో బయట అన్ని గొంతులూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఇరవైమంది గోదావరి జిల్లాల వాళ్లు, అందులోనూ పెళ్లివారు, ఒక్కచోట చేరి నోరు మూసుకోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. తలుపు సందులోంచి గుసగుసగా అత్తగారి మాట వినబడింది. "లోపల మా కోడలు పరీక్ష రాస్తోందండి. ఏం కావాలన్నా చెయ్యి చూపించండి, నేను వడ్డిస్తాను." ఆ వెంటనే పల్లంరాజు గుసగుస. "ఇంకా గంటన్నర ఉంది. ఎవరైనా గట్టిగా మాట్లాడారో, వాళ్లకి అట్టు లేదు."

పెసరట్ల వాసన గదిలోకి వచ్చింది. అట్లకాడ పెనం మీద ఆగకుండా గీరుకుంటోంది. ఆ చప్పుడు విన్నకొద్దీ దుర్గాశ్రీకి ప్రాణం కొట్టుకుంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఒక్కతే పోస్తోంది, ఒక్కతే తిప్పుతోంది, ఒక్కతే వడ్డిస్తోంది. వెళ్లి సాయం చేస్తే ఎవరూ తప్పుపట్టరు. కానీ ఇప్పుడు లేస్తే ఆవిడ పడుతున్న కష్టమంతా మట్టిపాలవుతుంది. రెండు చేతులతో కుర్చీ పట్టుకుని కూర్చుంది. కళ్లు తుడుచుకుని తర్వాతి ప్రశ్న చదివింది. తర్వాతిది, ఆ తర్వాతిది. కాసేపటికి వాసనా తెలియలేదు, చప్పుడూ తెలియలేదు.

చివరి ప్రశ్న దాకా వచ్చి తలుపు తీసేసరికి, వసారా నిండా చాపల మీద కూర్చున్నవాళ్లంతా ఆమె వైపే చూస్తున్నారు. పల్లంరాజు కాగితాలు లాక్కుని జవాబులు సరిచూడటం మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు మేనమామ "ముహూర్తం..." అని ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపేశాడు. చివరికి, "నూట నలభై దాటింది. పోయినేడాది పరీక్షలో వంద కూడా రాలేదన్నావుగా" అన్నాడు. వసారా అంతా హోరెత్తింది. అప్పటిదాకా బిగబట్టుకున్న మాటలన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. చెమటతో తడిసిన మొహం కొంగుతో తుడుచుకుంటూ శ్యామలాంబ వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. దుర్గాశ్రీ వెళ్లి ఆవిడ చేతిలోంచి అట్లకాడ తీసుకుంది.

అసలు పరీక్ష రోజున రాజమండ్రిలో ఆమె కుర్చీలోంచి కదలలేదు. ర్యాంకు పదకొండు వందల చిల్లర వచ్చింది. గణేష్‌బాబు నెట్ సెంటరు నుంచి మార్కెట్టుకి పోకుండా తిన్నగా ఇంటికొచ్చి, కాగితం తల్లి చేతికిచ్చాడు.

"రాజమండ్రేనా?" అంది శ్యామలాంబ.

"రాజమండ్రేనండి అత్తయ్యగారూ" అంది దుర్గాశ్రీ. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు. ఆ సాయంత్రం సెంటర్లో దిగిన ప్రతి చుట్టానికీ ఆ ర్యాంకు తనదే అన్నట్టుంది.

కాలేజీ తెరిచిన రోజున గణేష్‌బాబు టిక్కెట్టు డబ్బులిచ్చి బస్సెక్కిస్తుంటే శ్యామలాంబ కూడా వచ్చింది. వచ్చేవాళ్లకి ఎదురెళ్లడమే గానీ, ఆ బస్టాండులో ఎవరినైనా సాగనంపడం ఆవిడకి అదే మొదలు. బస్సు కదలబోతుంటే కిటికీ దాటి ముందుకెళ్లి, మెట్టు మీద నిలబడ్డ కండక్టర్ని పిలిచింది.

"బాబూ, ఆ కిటికీ పక్కనమ్మాయి మా కోడలు. ఎంబీఏ. రెండేళ్లపాటు రోజూ వస్తుంది. ఆ సీటు చూసి పెట్టు, కూర్చుని వెళ్లాలి."