రసీదు అంటే చేరింది

రసీదు పుస్తకాలు, వోచర్లు, చలాన్లు తప్ప మరేదీ అచ్చువేయని ఆ ప్రెస్సులో నంబర్లు వేసే ఆమెను యజమానితో సహా అందరూ వదిన అనే పిలిచేవారు. కాగితం అంచును బొటనవేలితో తడిమి దాని మందం చెప్పగలిగేది. తోడికోడలిని అక్కడ బైండింగు పనికి కుదిర్చింది కూడా ఆమే. అది కొరివితో తల గోక్కోవడమని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ప్రూఫులు దిద్దే మాస్టారు నెలాఖరుకు పని మానేస్తున్నారు. కిటికీ పక్కనున్న మాస్టారి కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో ఆయననే తేల్చమన్నాడు యజమాని. ఆ కుర్చీ తనదేనన్న విషయంలో వదినకు ఎలాంటి సందేహమూ లేదు.

ఒకనాడు భోజనాల వేళ తోడికోడలు రసీదు పుస్తకం తిరగేస్తూ అడిగింది.

"మాస్టారూ, రోజూ ఇన్ని కుడుతున్నాం. అసలు రసీదంటే ఏంటండీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"పారశీకం మాటమ్మా. చేరింది అని అర్థం. ఇచ్చింది చేరిందని ఒప్పుకోవడమే రసీదు."

"మరి వోచరు?"

"పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకొచ్చింది. కోర్టుకి సాక్షిని పిలవడం. ఖర్చు నిజమేనని చెప్పే కాగితం కదా! బిల్లు ఇంకా పాతది. లాటిన్లో ముద్ర అనే మాట దాని మూలం."

"అమ్మో! అయితే మన బీరువా నిండా సాక్షులేనన్నమాట!"

మాస్టారు పకపకా నవ్వారు. ఆయన అలా నవ్వగా వదిన అంతకుముందు చూడలేదు. ఇన్నేళ్ళలో ఒక్క మాట పుట్టుకైనా తనకు చెప్పని మనిషి, నిన్నగాక మొన్న వచ్చినదానికి ఒక్క పూటలో మూడు చెప్పారు.

మర్నాడు వోచర్ల పని వచ్చింది. నంబర్లు తోడికోడలిచేత వేయించమన్నారు మాస్టారు. ఆ యంత్రంలో అచ్చయిన ప్రతి కాగితం ముందుదాని పైన పడుతుంది. దొంతర మీద ఒకటో నంబరు ఉండాలంటే చివరి నంబరుతో మొదలుపెట్టి వెనక్కు రావాలి. అందుకు అంకెలు తగ్గే చక్రాలు వేరుగా ఉన్నాయి. తోడికోడలు పెరిగే చక్రాలను బిగించింది. వదిన చూసింది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, మంచినీళ్ళకని బయటికి వెళ్ళింది. ఆ నీళ్ళు ఎన్నడూ లేనంత తియ్యగా ఉన్నాయి.

సాయంత్రానికి దొంతర మొత్తం తలకిందులని తేలింది. కాగితాలను ఒక్కొక్కటిగా తీసి తిరగ పేర్చాలి.

"నాదే తప్పు మాస్టారూ," అంది తోడికోడలు, ముఖం పాలిపోయి.

మాస్టారు వదిన వైపు తిరిగారు. "చక్రాలు బిగిస్తున్నప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదమ్మా. చూడలేదా?"

చూడలేదంటే ఆమె పనితనానికే మచ్చ.

"చూశాను," అంది.

"మీకున్న కన్ను ఇక్కడ ఎవరికీ లేదు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు తప్పు చూసి ఊరుకోకూడదమ్మా."

కుర్చీ ఎవరిదో అందరికీ అర్థమైంది.

కాగితాలు పేర్చడానికి వదిన కూడా కూర్చుంది. తన చేతి వేగంలో తోడికోడలికి సగం కూడా లేదు. వదినకు మిగిలిన ఊరట అదొక్కటే.

"ఆ మాటలన్నీ ఆయన నీకే ఎందుకు చెప్పారే?"

"నేనడిగాను కాబట్టి చెప్పారక్కా. మీరు ఏనాడూ ఏదీ అడగలేదట. అన్నీ తెలుసేమో అనుకున్నారట."

వదిన చేతులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి.

"చలాను సంగతి అడిగావా?"

"లేదక్కా, గుర్తే రాలేదు."

ఇంటికి వెళ్ళే దారిలో, కొట్లో పనుందని తోడికోడలిని ముందుకు పంపించి, వదిన మాస్టారి వీధిలోకి తిరిగింది. తలుపు తీసిన ఆయన మంచినీళ్ళు ఇమ్మని లోపలికి కేకవేసేలోపే అడిగేసింది.

"చలానంటే ఏంటండీ?"

నెల మారాక తోడికోడలు కిటికీ పక్కన కూర్చుంది. మొదటి ప్రూఫే చలానుది.

"అయ్యో! దీని సంగతి మాస్టార్ని అడగనేలేదు. చలానంటే ఏంటక్కా?"

వదిన తగ్గే చక్రాలను బిగించి, గుడ్డతో వేళ్ళ మధ్య సిరా తుడుచుకుంది.

"నాకు తెలుసు. అడుగు, చెప్తాను."

"అడిగాను కదక్కా!"

"ఇంకోసారి అడుగు."