సమాధుల తోటలో తుంగ

తెరేసమ్మకు కలుపంటే ఎంత కసో ఉయ్యూరు చుట్టుపక్కల చేలన్నీ సాక్ష్యం చెబుతాయి. వరి కానీండి, చెరుకు కానీండి, పసుపు కానీండి, కూలి ముఠాలో అందరికంటే ముందు దిగేది ఆవిడే, అందరికంటే వెనక గట్టెక్కేది ఆవిడే. గట్టెక్కాక అయినా ఊరుకుంటుందా అంటే, అదీ లేదు. పెళ్లికి వెళ్లినా సరే, పందిరి గుంజ పక్కన గరిక కనపడితే చాలు, పట్టుచీర కొంగు బిగించి పీకేస్తుంది. "పెళ్లికొచ్చావా, కలుపుకొచ్చావా వదినా" అని ఆటపట్టిస్తే, "రెంటికీ పిలిచారుగా" అంటుంది.

అంతటి మనిషికీ లొంగని కలుపు ఒకటుంది. తుంగ. పైకి చూస్తే ఏముంది, మూడంచుల కాడ, నాలుగు సన్నటి ఆకులు. పీకితే ఇట్టే చేతిలోకి వస్తుంది. కానీ గడ్డ మట్టిలోనే ఉండిపోతుంది. శనగగింజంత నల్లటి గడ్డ. దాన్నుంచి దారంలాంటి వేరు, ఆ వేరు చివర ఇంకో గడ్డ, దాని కింద మరోటి, జపమాల పూసల్లా. పార వేసి తెంచామా, తెగిన ప్రతి గడ్డా వేరుకాపురం పెట్టేస్తుంది. తెరేసమ్మ కొత్త కోడలిగా ఈ ఊరొచ్చినప్పుడు ముఠా మేస్త్రి కృపమ్మ మొదట నేర్పింది ఇదే. "తుంగ పిల్లల్తో పోట్లాడి లాబం లేదమ్మాయ్. అడుగున ముసల్ది ఉంటది, దాన్ని పట్టుకో."

ఆ కృపమ్మ ఇప్పుడు లేదు. ఊరి చివర, కాలవగట్టు కింద, సమాధుల తోటలో ఉంది. కాలవ మీద లస్కరుగా తలుపులు ఎత్తుతూ దించుతూ బతుకంతా నీళ్లకు కాపలా కాసిన తెరేసమ్మ భర్త బాలశౌరి కూడా అక్కడే ఉన్నాడు. గేటు దగ్గరవన్నీ సిమెంటు సమాధులు, పలకలూ, పేర్లూ. గట్టు వారన ఉన్న వెనక వరస మాత్రం ఉత్త మట్టి దిబ్బలు. కృపమ్మదీ, బాలశౌరిదీ అందులోవే. చెక్క సిలువలు ఎప్పుడో చెదలు తినేశాయి. ఏ దిబ్బ ఎవరిదో తెరేసమ్మకు తెలుసు. సమాధుల పండక్కి ముందు వెళ్లి బాగుచేసేదీ, కొవ్వొత్తి లేని దిబ్బ మీద తనే ఒకటి వెలిగించేదీ ఆవిడే కనక.

ఈ ఏడు వానలు విరగబడ్డాయి. తోటలో తుంగ మోకాలెత్తు లేచింది. చర్చిలో ఆదివారం పూజ అయ్యి గుడి బయట చెప్పులు వేసుకుంటుండగా జయపాల్ ఆవిణ్ణి ఆపాడు. కమిటీకి కొత్త పెద్ద అతను. కృపమ్మ మనవడే. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు పెట్టాక కుటుంబం నిలదొక్కుకుంది.

"పెద్దమ్మా, ఈసారి నువ్వు తోటలోకెళ్లి నడుం విరగ్గొట్టుకోమాక. జేసీబీ మాట్లాడా. అడుగు లోతు మట్టి గీకేసి గ్రావెల్ కొట్టిస్తాం. ఇంక తుంగ బాధ జన్మలో ఉండదు."

"సిమెంటువి అడ్డం కదయ్యా."

"అయ్యి ముట్టుకోం. దారీ, వెనక వరసా."

"వెనక దిబ్బలున్నయ్ గదా?"

"మట్టి దిబ్బలేగా పెద్దమ్మా. ఇయ్యాల కాకపోతే రేపు వానకి కరిగిపోయ్యేయే. అందరి పేర్లూ కలిపి ఒక పెద్ద పలక పెడదాం. ఫాదర్‌గారు కూడా సరేనన్నారు."

తెరేసమ్మ రెండో చెప్పు వేసుకోవడం మరిచిపోయింది. పలక మీద పేరుంటుంది, బాగానే ఉంది. మనిషెక్కడుంటాడు? పెట్టె దించిన చోటేదో తెలియకపోతే ఎక్కడ మోకరించాలి? ఆయన పక్కన తనకని మనసులో అట్టే పెట్టుకున్న జాగా సంగతేమిటి?

"బండి అక్కర్లేకుండా తుంగ తీసేస్తే?" అంది.

జయపాల్ నవ్వాడు. పోయినేడు గేటు పక్క ఖాళీలో ట్రాక్టరు రోటవేటర్ తిప్పించింది అతనే. తిప్పినప్పుడు అద్దంలా ఉంది, తర్వాత తుంగ దుప్పటి పరిచినట్టు మొలిచింది. "నీవల్ల అవుద్దా?"

"పండక్కి ముందు ఆదివారం వచ్చి చూడు. ఒక్క పోచ కనపడితే నీ ఇష్టం."

"సరే. సోమారానికి బండి చెప్పే ఉంచా మరి. తర్వాత నన్ననుకోవద్దు."

మర్నాడే చిన్న గునపం, గంప తీసుకుని బయల్దేరింది. తోడుకు ముఠాలో తన జతగత్తె హెప్సిబాను లాక్కెళ్లింది. హెప్సిబా నోరు ఊరుకోదు. "బతికున్నోళ్ల చేలో కూలికెళ్తే టీ అన్నా పోస్తారు. ఈళ్లేం పోస్తారక్కా?" అంటూనే కూర్చుంది.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ముఠాకో పద్ధతుంది. చేలో దిగితే మొదటి సాలు మేస్త్రిది. మేస్త్రి చెయ్యి పడందే ఎవరూ వంగరు. ఆ లెక్కన తెరేసమ్మ కృపమ్మ దిబ్బ దగ్గర ముందు కూర్చుని, సిలువ గుర్తు వేసుకుని, గునపం దించింది. వేలితో వేరు వెంట పడి పోయింది. ఒక గడ్డ, దాని కింద గడ్డ, మోచేతి దాకా చెయ్యి దిగింది. దిబ్బంతా అల్లుకుపోయిన వేళ్లు, బుట్ట అల్లినట్టు. తెంచకుండా, తొందరపడకుండా, ఆ చివర ముసలి గడ్డ దాకా తీసింది. పొద్దు వాలేసరికి గంప నిండింది. దిబ్బ మీద మట్టి మెత్తగా, శుభ్రంగా, గుల్లగా, ఎంత బావుందంటే హెప్సిబా కూడా నోరు మూసుకుని చూసింది.

ఆ రాత్రి వాయుగుండం వాన.

తెల్లారి వెళ్లేసరికి కృపమ్మ దిబ్బ లేదు. ఒండ్రుమట్టి జారి జారి గట్టు వార కాలిబాటలో కలిసిపోయింది. నేల చదును. పక్కన తుంగతో నిండిన బాలశౌరి దిబ్బ మాత్రం చెక్కు చెదరలేదు. దాని పక్కదీ అంతే. తుంగ ఉన్న దిబ్బలన్నీ ఉన్నాయి.

తెరేసమ్మ తలగుడ్డ తీసి నోటికడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లూ ఈ దిబ్బల్ని వానలో నిలబెట్టింది తను తిట్టిపోసిన ఆ వేళ్లేనన్నమాట. తను ఏటేటా పైపైన కొడవలితో కోసి వెళ్లిపోయింది కాబట్టి సరిపోయింది.

"ఇప్పుడేం చేద్దామక్కా," అంది హెప్సిబా గొంతు తగ్గించి. "తుంగ తీస్తే దిబ్బ పోద్ది. ఉంచితే బండొచ్చుద్ది."

తెరేసమ్మ వంగి కాలిబాట మీది మట్టి గుప్పిట్లోకి తీసుకుంది.

"పోయినదేమో ఆ జయపాల్ వాళ్ల నాయనమ్మదాయె. తెలిస్తే ఊరుకుంటాడా? కాలవలో మట్టి తెచ్చి నాలుగు గంపలు పోద్దాం. కాకపోతే పక్క దిబ్బ చూపిద్దాం. ఎవరిదేదో ఆ అబ్బాయికేం తెలుసు?"

"తెలవదు," అంది తెరేసమ్మ. అదే ఆవిణ్ణి ఆ వారమంతా తినేసింది. పక్కది చూపిస్తే నమ్ముతాడు. నిజం చెబితే, నీకప్పగిస్తే ఇదా చేసిందని రేపొచ్చే బండి ఇవాళే తెప్పిస్తాడు. ఇంకో దిబ్బ మీద గునపం వెయ్యలేదు. అలాగని వెళ్లకుండా ఉండనూ లేదు, రోజూ వెళ్లి కూర్చుని వచ్చేది.

ఆదివారం రానే వచ్చింది. జయపాల్ తెల్లచొక్కాతో తోటలోకి వచ్చి, వెనక వరసంతా ఊగుతున్న తుంగను చూసి పెదవి విరిచాడు.

"ఏంది పెద్దమ్మా ఇది? ఒక్క పోచ కూడా ఉండదన్నావు."

"తియ్యలా. ఒక్కటి తీశా. మీ నాయనమ్మది."

"ఏదీ?"

"నువ్వు నిలబడ్డదే."

జయపాల్ చటుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. కింద చూశాడు, అటూ ఇటూ చూశాడు. చదును నేల, దాని మీద తన బూటు గుర్తులు.

"దిబ్బేది?"

"తుంగ పీకా. వానకి కరిగిపోయింది. నేనే పోగొట్టా బాబూ."

అతని మొహం ఎర్రబడింది. "నీకప్పజెబితే చేసే పని ఇదా? మా నాయనమ్మ నీకు పని నేర్పిందంట, ఊరంతా చెబుతావు. ఆ రుణం ఇట్టాగా తీర్చుకునేది?"

హెప్సిబా ఏదో అనబోతే తెరేసమ్మ చేత్తో ఆపింది. కాలవ వైపు నడిచి, అడుగు కొలిచి, ఒకచోట ఆగింది. "తల ఇక్కడ. కాళ్లు గట్టుకేసి. పక్కనున్నది మీ నాయనమ్మది అనుకున్నావేమో, కాదు, అది మా ఆయనది. ఇది గుర్తుంది గాబట్టి చెబుతున్నా జయపాలూ. పక్క దిబ్బలున్నయ్ గాబట్టి గుర్తుంది. రేపు అయ్యి కూడా పోతే నన్నడిగినా చెప్పలేను."

జయపాల్ ఫోను తీసి గేటు దాకా నడిచాడు. ఎవరితో మాట్లాడాడో, ఏం మాట్లాడాడో వినపడలేదు. అటునుంచటే బండెక్కి వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున కాలవగట్టు మీద పసుపుపచ్చ జేసీబీ కనపడనే కనపడింది. తెరేసమ్మ అప్పటికే బాలశౌరి దిబ్బ పక్కన గొంతుక్కూర్చుని ఉంది. ఇంజను చప్పుడుకు నేల అదురుతోంది. బండి గేటు దాటి లోపలికొచ్చింది. సిమెంటు సమాధుల మధ్య దారి గీకుతూ, గీకుతూ, వెనక వరస మొదటికొచ్చి ఆగింది. తొట్టి పైకి లేచింది. ఆవిడ తుంగ కాడలు రెండు గుప్పిళ్లతో పట్టుకుంది.

జయపాల్ బండికడ్డం వచ్చి డ్రైవరుకు చెయ్యి చూపించాడు. "దారి వరకే అని రాత్రి చెప్పానా లేదా? ఈ వరసలోకి టైరు దిగకూడదు. వెనక్కి పోనియ్."

బండి వెనక్కి పోయింది. తెరేసమ్మ వేళ్లు విప్పడానికి హెప్సిబా సాయం పట్టాల్సి వచ్చింది.

జయపాల్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఇంకా కోపంగానే ఉన్నాడు. "మా నాయనమ్మ దిబ్బ మళ్లీ పొయ్యాలి. పండగలోపల."

"పోస్తా. పోస్తే నిలవదు గదా ఉత్త మట్టి."

"మరెట్టా నిలుస్తది?"

ఆవిడ గోడ మూలకు వెళ్లి గంప ఈడ్చుకొచ్చింది. ఎండబెట్టి తగలేద్దామని పడేసిన గడ్డలే. వానకు తడిసి, గంపలోనే తెల్లగా మొలకలు వేశాయి. కాలవ మట్టి మోసి దిబ్బ ఎత్తాక, దాని మీద వేలితో గుంట చేసి, ఒక్కో గడ్డ పెట్టడం మొదలుపెట్టింది.

హెప్సిబా నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "అక్కో, తుంగ నాట్లేసే మనిషిని ఈ డెల్టాలో నిన్నే చూశా. ముఠాలో చెబితే నన్ను పిచ్చాసుపత్రిలో ఏస్తారు."

"చెప్పమాక."

జయపాల్ తెల్లచొక్కా చేతులు మడిచి, గంపలోంచి ఒక గడ్డ తీసి వాసన చూశాడు. "ఎంత లోతు పెద్దమ్మా?"

"వేలికి రెండు కణుపులు." ఆవిడ తలెత్తలేదు. "కూర్చుని పెడితే వరస వంకర పోద్ది. నిలబడి వంగు."

అతను వంగాడు.