పాపక్క అడిగిన ముయ్యి

తమిళనాడులో ధర్మపురి దగ్గరి సోగత్తూరు పాపక్కకు చామంతి తోట ఉంది, టీవీ ఉంది, సర్దుకుపోయే గుణం మాత్రం లేదు. మధ్యాహ్నం పని ఆగిన వేళ నలుగురైదుగురు ఆడవాళ్ళు ఆమె నడవలో చేరి, మేనల్లుడు ప్రతాప్ పెట్టించిన యాప్‌లో తెలుగు సినిమా చూస్తారు. గడప దాటితే అంతా తమిళమే. ఆ కాసేపు మాత్రం ఇంటిమాట పెద్ద గొంతుతో వినబడుతుంది.

వినబడేది అనాలి. ఎండలు ముదిరినప్పటి నుంచి తెలుగు పెడితే పాట ఇల్లెగరగొట్టేది, మాట గొణుగుడయ్యేది. పెదవులు మూసుకున్నాక గొంతు వచ్చేది. అదే సినిమా తమిళంలో గంట కొట్టినట్టుండేది.

"తమిళ్‌లో పెట్టుకో అత్తా. నీకు రాని భాషా?" అన్నాడు ప్రతాప్.

"వచ్చు. సంతలో మాట్లాడతాను, బస్సులో మాట్లాడతాను. నా ఇంట్లో కూడా నేనే ఎందుకురా తగ్గల్ల?"

ఆ యాప్ కంపెనీకి ఫోను కలిపించింది. అవతలి అమ్మాయి మర్యాదగా, మాటలు తెలుగు అక్షరాల్లో తెర కింద వస్తాయి, పెట్టుకోమంది.

"నాకు తెలుగు చదివేదానికి రాదు తల్లీ. మా బడి తమిళం. వినేదే వచ్చు. దాన్నే మీరు చెడగొట్టినారు."

"మీ ప్రాంతం నుంచి ఇంకెవరూ చెప్పలేదమ్మా. మీ టీవీలోనే ఏదో ఉంటుంది."

ఎవరు చెబుతారు? అందరూ నోరెత్తకుండా తమిళానికి మారిపోయారు.

ఈ కథ చెబుతున్న నేను ఒకప్పుడు తిరిగిన ఊళ్ళలో డేరా సినిమాలుండేవి. మాట పడిపోతే నేల టికెట్టువాళ్ళు ఈలలు వేసేవారు, ఆపరేటరు బీడీ పారేసి పరుగెత్తేవాడు. చాలా గ్రంథాలు చదివాను గానీ అంత సూటి విన్నపం ఎక్కడా చూడలేదు. ఇప్పటి ఆపరేటరు ఎక్కడుంటాడో తెలియదు. ఒక్క ఈల అతనికి చేరదు.

ఈ సంగతి పాపక్కకు నాకంటే ముందే తట్టింది. ఇక్కడ పూలకోతకు ముయ్యి పద్ధతి. ఈరోజు నేను నీ తోటలో కోస్తే, రేపు నువ్వు నా తోటలో కోయాలి, కూలి మాట రాదు. ఒక శుక్రవారం ముయ్యి తీర్చడానికి బుట్టలతో వచ్చినవాళ్ళను పాపక్క గట్టు మీదే ఆపింది.

"పూలు వద్దు. ఈ పొద్దు ముయ్యి ఫోన్‌లో తీర్చండి. మీ ఇంట్లో తెలుగు ఎట్ల వినబడతాదో ఆ కంపెనీవాళ్ళకు చెప్పండి."

"పిచ్చా పాపక్కా? పువ్వు వాడిపోతాది!" అంది పక్కతోట మునివెంకటమ్మ.

"వాడనీ. మళ్ళీ పూస్తాది. నువ్వు తమిళ్‌కు అలవాటు పడితే మళ్ళీ తిరగవు."

"ఆ ఫోనెత్తే పిల్ల మన తెలుగు విని నవ్వితే?" అంది ఇంకొకామె.

"నవ్వనీ. నవ్వేదానికైనా వినాల గదా."

గట్టు మీద వరసగా కూర్చుని ఫోన్లు మొదలుపెట్టారు. అలమేలుమంగ అనే ఆమె కోపంలో తమిళంలోకి జారిపోతే పాపక్క గిల్లింది, ఆమె మళ్ళీ తెలుగులోకి వచ్చి కంపెనీని తిట్టింది. ఆనాటి చామంతులు ధర్మపురి పూలమార్కెట్టు ముఖం చూడలేదు.

కొన్నాళ్ళకు కంపెనీవాళ్ళే ఫోను చేశారు, సరిచేశాం చూడండి అని. మధ్యాహ్నం అందరూ నడవలో చేరారు. సినిమాలో తల్లి నోరు విప్పగానే మాట తేటగా వచ్చింది. మునివెంకటమ్మ చప్పట్లు కొట్టింది. పాపక్క కొట్టలేదు. తెరకు దగ్గరగా జరిగి ఆ తల్లి పెదవులనే చూసింది.

"గొంతు ఇంకా వెనకే వస్తా ఉంది," అంది. "మునివెంకటమ్మా, నీ ముయ్యి ఇంకొకటి మిగిలుంది. ఫోన్ తియ్యి."