బావ వేసిన ఈల

సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా, మా కోటబొమ్మాళి స్టేషన్ దగ్గరి టీ కొట్టులో ఆఖరి పకోడీ ఎవరిదన్న తగాదాలు ఇకపై విచారణకు రావు. తీర్పు చెప్పే మా బావ మొన్న మంగళవారం పోయారు.

బావంటే మా అక్క భర్త. ఢిల్లీలో దేశ భద్రత, అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించిన ప్రొఫెసరు. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. ఆయన సెలవులకొస్తే వదిలేవాణ్ణి కాదు.

"దేశ రహస్యం ఒకటి సెప్పు బావా!"

"మీ అక్క జంతికలెక్కడ దాస్తాదో నాకే తెలీదు. దేశం నాకేటి సెప్తాదిరా!"

పకోడీ తగాదాల్లో ఆయన పద్ధతి ఒకటే. "ముందు ఎదుటోడి వాదన నువ్వు సెప్పు" అనేవారు. వాడి ఆకలి గురించి నా నోటితోనే చెప్పించి, పకోడీ వాడికే ఇప్పించేవారు. ఎంత మంటగా ఉండేదో!

పోయినేడు ఇంజను చెడిన పడవలో ఒక జాలరి పొరుగు దేశపు జలాల్లోకి కొట్టుకుపోయి, అక్కడి జైల్లో పడ్డాడు. బావ అప్పటికి రిటైరై ఊళ్ళోనే ఉంటున్నారు; అతని భార్య మా అక్కింటికి వచ్చి ఏడ్చింది. బావ మంచినీళ్ళిచ్చి, "ఆళ్ళెందుకు పట్టుకున్నారో నువ్వు సెప్పు తల్లీ" అన్నారు.

"ఆళ్ళ పక్క మాటాడతావేటి బాబూ?" అని ఆమె విసురుగా లేచింది. గడప దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి అంది: "తెలీని పడవొస్తే మనకైనా బయ్యమే కదా."

"అదీ! ఆ బయ్యం మనం తీర్సాల. తిడితే తలుపు తియ్యరు."

ఇక చూడాలి బావ హుషారు! పడవలో వలలు తప్ప ఏమీ లేవనీ, సరిహద్దు దాటించింది గాలేననీ అటువాళ్ళకు నచ్చేలా వాదన కట్టారు. ఇటు ఢిల్లీకి, అటు పాత శిష్యులకి ఫోన్ల మీద ఫోన్లు. టీవీలో ఒక తోటి పండితుడు "ఈయన శత్రువు తరఫు మనిషి" అన్నాడు. నేను బూతులు లంకించుకుంటే, "ఆడి వాదన కూడా నువ్వే సెప్పు, సూద్దాం" అన్నారు. నేను టీవీ కట్టేశాను.

జాలరిని వదిలేశారు. అతను వచ్చిన రోజు మా స్టేషన్ అదిరిపోయింది. రైలు ఆగీ ఆగకముందే భార్య పరుగు. అంత పెద్ద ప్రొఫెసరు, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ప్లాట్‌ఫారం మారుమోగేలా ఈల వేశారు!

ఆ ఈల కథ ఊరూరా నేనే చెప్పాను. అది శుద్ధ అబద్ధం. ఈల వేసింది నేను. బావ దూరంగా బల్ల మీద కూర్చున్నారు. ఆయన చేతిలో పకోడీల పొట్లం. అందులో, నేనెంత గుంజినా ఇవ్వకుండా, ఆ జాలరి కోసం పట్టుకున్న ఆఖరి పకోడీ.