ఆ ఒంట్లో లేనివాళ్ళు

నందిగామలో నాతోపాటు పనిచేసే లెక్కల టీచరుది పెనుగంచిప్రోలు. దళిత క్రైస్తవులు. వాళ్ళమ్మ మిరపకోతలకు వెళ్ళి ఆమెను చదివించింది. ఆ శనివారం బడి వదిలాక ఇద్దరం బస్సులో జగ్గయ్యపేట వచ్చాం. అక్కడ ఆమె ఆటో ఎక్కాలి. ఆ రోజు మా పెదనాన్న ఇంట్లో ప్రవచనం ఉంది. "కాస్త కాఫీ తాగి వెళ్దువుగాని, రా," అని నేనే లాక్కెళ్ళాను.

పెదనాన్నకు పొలాలున్నాయి, సిమెంటు షాపు ఉంది. హాలు నిండా చుట్టాలు. ప్రవచనకారుడు సోఫాలో కూర్చుని నాలుగు వర్ణాల పుట్టుక చెబుతున్నాడు. ఆదిపురుషుడి నోటి నుంచి బ్రాహ్మణులు, చేతుల నుంచి క్షత్రియులు, తొడల నుంచి వైశ్యులు, పాదాల నుంచి శూద్రులు. మేం గోడవారగా కూర్చున్నాం.

"మరి మేం ఎక్కణ్ణుంచండీ?" పెదనాన్న చేతులు కట్టుకుని అడిగాడు.

ఆయన కాస్త నసిగాడు. "శాస్త్రం ప్రకారం మీరు నాలుగో వర్ణమేనండి. పాదాలు. తక్కువనుకోకండి, గంగమ్మ పుట్టింది కూడా పాదాల నుంచే."

పెదనాన్న మొహం మాడిపోయింది. అప్పుడు మా బాబాయి అడిగాడు, "మరి ఊరవతల ఆ పల్లెలో వాళ్ళో?"

"వాళ్ళు ఆ శరీరంలోనే లేరండి. పూర్వజన్మ పాపం."

"అదీ! పాదాలైనా మనం ఒంట్లోనే ఉన్నాంగా!" పెదనాన్న పెద్దగా నవ్వాడు. హాలంతా నవ్వింది. తన కింద ఇంకొకరున్నారని తెలియగానే ఆ మనిషికి కలిగిన ఊరట ఆ నవ్వులో తెలిసిపోయింది.

నా స్నేహితురాలు లేచి నిలబడింది. "అయ్యా, నేను ఆ పల్లె మనిషినే. మా అమ్మ ఏం పాపం చేసిందో చెబుతారా?" క్లాసులో ప్రశ్న అడిగినంత నెమ్మదిగా అడిగింది.

"మీ గురించి కాదమ్మా, ఇది తత్వం," అన్నాడాయన.

పెద్దమ్మ కాఫీ గ్లాసుతో పరుగున వచ్చేసరికి ఆమె గుమ్మం దాటింది. నేను తేరుకుని ఆటోల దగ్గరికి వెళ్ళేసరికి ఆటో వెళ్ళిపోయింది.

తిరిగొచ్చిన నన్ను పెదనాన్న కసిరాడు. "ఆవిడ ఎవరో ముందే చెప్పొద్దూ? తెలిస్తే ఆ మాట రానిచ్చేవాణ్ణా?"

"అనడం తప్పా పెదనాన్నా, ఆమె వినడం తప్పా?"

"పెద్దాయన శాస్త్రం చెప్పాడు. మధ్యలో నీకెందుకే?"

చెప్పులేసుకుని వచ్చేశాను.

సోమవారం స్టాఫ్‌రూంలో ఆమెకు క్షమాపణ చెప్పాను.

"వాళ్ళన్నదానికి నువ్వేం చేస్తావులే," అంది పేపర్లు దిద్దుతూనే. "కానీ నేను లేచినప్పుడు నువ్వు కూర్చునే ఉన్నావు."

అది నిజం. ఇప్పటికీ ఒకే బస్సులో వస్తాం, టిఫిన్ డబ్బా పంచుకుంటాం. ఇంటికి రమ్మని మాత్రం నేను పిలవలేదు, ఆమె కూడా నన్ను పిలవలేదు. పెదనాన్న గడప నేను మళ్ళీ తొక్కలేదు. ఆయన ఈ ఏడు కూడా అదే ప్రవచనకారుణ్ణి పిలిపించి, శాలువా కప్పిన ఫొటో మా కుటుంబం గ్రూపులో పెట్టాడు. కింద అందరూ దణ్ణాలు పెట్టారు.