మా పేట పెళ్ళిళ్ళలో పాట ఆగే చోటు

మా పేటలో పెళ్ళి పందిట్లోకి సినిమా పాట రాకూడదు. అది చర్చి అయ్యగారి మాట. కీర్తనలు పాడుకోవచ్చు, మైకు పెట్టించుకోవచ్చు, కానీ ఆ మైకులో సినిమా పాట వినపడిందంటే అయ్యగారు బైబిలు మూసి కూర్చునేవారు. దివిసీమలోని అలాంటి పేటలో ఏళ్ళ తరబడి పెళ్ళికూతుళ్ళందరూ ఒక సినిమా సంగీతానికే అడుగులు వేసుకుంటూ చర్చికి నడిచారు. ఆ నడకకు మొదలు నా పెళ్ళే కనుక సంగతి నేనే చెప్పాలి.

చల్లపల్లి నుంచి సైకిలు మీద మైకు తెచ్చే ఆయన్ని ఊరంతా మావయ్యా అనే పిలిచేది. నా పెళ్ళినాడు ఆయన ఎండుగడ్డి పరిచిన పెట్టెలోంచి ఒక ప్లేటు తీశాడు. గ్రామఫోను రికార్డును మేం ప్లేటు అనేవాళ్ళం. దానికి ఒక పక్క పాట, రెండో పక్క ఉత్త వాయిద్యం. సినిమాలో నాయిక పడవెక్కి అత్తారింటికి వెళ్తుంటే వెనక వచ్చే సంగీతమట. ముందు క్లారినెట్టు ఒక్కటే దూరం నుంచి వస్తుంది. కాసేపటికి వయొలిన్లు అందుకుంటాయి. పడవవాడు గడ వేసినప్పుడల్లా నీళ్ళు పక్కకు జరిగినట్టు ఉంటుంది. రేవు దాటనిదే ఏ ఊరికీ వెళ్ళలేని మాకు అది ఎలాంటి సంగీతమో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

అయ్యగారు చర్చి అరుగు దిగి వచ్చారు.

"ఇది సినిమాదా?"

"వాయిద్యమేనండి అయ్యగారూ. ఒక్క మాట కూడా లేదండి."

అయ్యగారు కళ్ళు మూసుకుని కాసేపు విన్నారు. "మాటలే లేనప్పుడు చెడ్డ మాట ఎక్కణ్ణించి వస్తుంది" అని లోపలికి వెళ్ళిపోయారు. వింటున్నంతసేపూ ఆయన కాలి బొటనవేలు చెప్పులో తాళం వేసింది. నేను చూశాను. పందిట్లో తల వంచుకుని ఉన్నదాన్ని నేనొక్కదాన్నే.

చర్చికి సగం దారిలో ఉండగా పాట ఒకచోట చిక్కుకుంది. అదే ముక్క మళ్ళీ మళ్ళీ వస్తోంది. పాట ముందుకు వెళ్ళకుండా నేను వెళ్ళొచ్చో లేదో తెలియక ఆగిపోయాను. వెనక నడిచేవాళ్ళూ ఆగారు. మా మేనత్తకు ఊరికే నిలబడటం చేతకాదు. ఒళ్ళోని గన్నేరుపూలు తీసి నా నెత్తిన పోసింది. అది చూసి అందరూ పోశారు. మావయ్య ప్లేటు మీద తిరిగే ముల్లును వేలితో మెల్లిగా తోశాడు. పాట కదిలింది, నేనూ కదిలాను.

తరవాతి పెళ్ళిలోనూ అక్కడే చిక్కుకుంది. నా పెళ్ళి చూసిన పిల్ల కాబట్టి ఆమె కూడా ఆగింది, పూలు పోశారు. ఆ తరవాతి పెళ్ళికి అది ఆచారమైపోయింది. ముక్క మూడుసార్లు తిరిగేదాకా మావయ్య కూడా వేలు పెట్టేవాడు కాదు. ప్లేటు మీద గీత పడిందని మాకేం తెలుసు? మాలో ఎవరూ ఆ సినిమా చూడలేదు. డప్పుకు కర్ర ఎలాగో ఆ ప్లేటుకు వేలు అలాగ అనుకున్నాం.

అమ్మ పోయాక నా చెల్లెల్ని నేనే పెంచాను. చిన్నప్పుడు అది పెళ్ళాట ఆడితే నోటితోనే ఆ వాయిద్యమంతా పలికేది. ఆ చోటు రాగానే ఆగి, మూడుసార్లు తిప్పి, తన వేలితో తన బుగ్గనే పొడుచుకుని ముందుకు నడిచేది. కాస్త పెద్దయ్యాక గూడూరు సంబంధం కుదిరింది. పెళ్ళి వచ్చే వేసవికి అనుకున్నాం.

ఆ ఏడు ఎండాకాలంలోనే ఎవరి పెళ్ళిలోనో ప్లేటు ఎండలో ఉండిపోయి అప్పడంలా వంగింది. మావయ్య దాన్ని సాపు చేద్దామని గోనెపట్టాలో చుట్టి పైన రుబ్బురాయి పెట్టాడు. సాపు కాలేదు, ముక్కలైంది. ఆ ముక్కలు పట్టుకుని మా ఇంటికొచ్చి, చావు కబురు తెచ్చినవాడిలా గుమ్మంలో నిలబడ్డాడు.

"వేరే మంచి ప్లేటు వేస్తాలే అమ్మాయ్" అన్నాడు చెల్లెలితో.

"వేరేదైతే నేను నడవను మావయ్యా. బుట్టలో పెట్టి మోసుకుపొండి."

"నిన్ను మోసే బుట్ట దివిసీమలో అల్లలేదే."

అది నవ్వింది గానీ ఆ పూట అన్నం తినలేదు. అమ్మ లేని పిల్ల. ఇన్నాళ్ళ పెళ్ళాటలో అది అడిగింది ఈ ఒక్క పాట. ఎలాగైనా తేవాలనుకున్నాను.

బందరులో ప్లేట్లమ్మే కొట్టుకు వెళ్ళాను. పేరు అడిగారు. సినిమా పేరు నాకు తెలియదు. కొట్టు ముందు నిలబడి నోటితో వాయించాను. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా చేతిలోవి పక్కన పెట్టి విన్నారు. కొట్టాయన పోల్చుకున్నాడు.

"అదాండీ? అది రావడం మానేసి చాలా కాలమైందండి. గుడివాడలో చూడండి."

గుడివాడలోనూ అదే మాట. "కంపెనీ వాళ్ళు మళ్ళీ వేస్తే తప్ప లేదమ్మా. అడిగేవాళ్ళుంటే వేస్తారేమో, రాసి చూడండి" అని చిన్న కాగితం మీద మద్రాసు అడ్రసు రాసిచ్చాడు. ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నానని బస్సులో పక్కావిడ చెబితే తెలిసింది.

అయ్యగారి భార్య, అమ్మగారు, ఎప్పటినుంచో నన్ను చదువుకోమని పోరేవారు. నాట్లకూ కోతలకూ మధ్య తీరికేదండీ అని తప్పించుకునేదాన్ని. ఇప్పుడు నేనే కార్డు కొనుక్కుని వెళ్ళాను.

"సినిమా ప్లేటు కోసం అయ్యగారింట్లో ఉత్తరం రాయించుకుంటున్నావా? నీది గుండె కాదే, గుండ్రాయి" అన్నారు అమ్మగారు.

లోపలి గదిలోంచి అయ్యగారి గొంతు వినపడింది. "మాటల్లేని పక్కే కదా. రాసిపెట్టు."

"రాస్తాను. కింద పేరు మాత్రం నువ్వే రాయాలి" అన్నారామె నాతో.

అలా నా చదువు మొదలైంది. నా పేరులో ఉన్న అక్షరాలే ముందు నేర్చుకున్నాను. పలక మీద అవి పడవలో కొత్తగా నిలబడ్డవాళ్ళలా ఒకదాని మీద ఒకటి ఒరిగేవి. కార్డు మీద పేరు రాసిన రోజు దాన్ని డబ్బాలో వేయబుద్ధి కాక, తపాలా కచేరీ దాకా వెళ్ళి కూడా వెనక్కి తెచ్చి చెల్లెలికి చూపించి, మళ్ళీ వెళ్ళి వేశాను. మిగతా అక్షరాలన్నీ చేతికి రావడానికి తల నెరవాల్సి వచ్చింది. అది వేరే సంగతి.

జవాబు రాలేదు. నాట్లు అయ్యాయి, కోతలు అయ్యాయి. ఎండలు ముదిరే వేళకు మావయ్య సైకిలు గంట కొట్టుకుంటూ వచ్చాడు. గుడివాడలో ఆ సినిమా మళ్ళీ ఆడుతోందట. ప్లేట్లు కూడా కొత్తగా వచ్చాయట. ఒకటి తెచ్చాడు. నల్లగా నిగనిగలాడుతోంది, అందులో మొహం చూసుకోవచ్చు.

"నీ కార్డు చూసి వేశారే అక్కా" అంది చెల్లెలు.

"సినిమా ఆడుతోందని వేశారమ్మాయ్" అన్నాడు మావయ్య.

"కార్డు చూసి సినిమా కూడా ఆడిస్తున్నారు" అంది చెల్లెలు. నేను కూడా అదే నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను.

ఒక్కసారి వేసి వినిపించమంటే మావయ్య ఒప్పుకోలేదు. కొత్త ప్లేటు, ముల్లు పెడితే అరుగుతుంది, మొదటిసారి పెళ్ళిలోనే అన్నాడు.

పెళ్ళినాడు గూడూరు వాళ్ళంతా చర్చి దగ్గర ఎదురుచూస్తున్నారు. క్లారినెట్టు మొదలైంది. గరగర లేకుండా ఎంత తేటగా ఉందో. చెల్లెలు తల వంచుకుని నడుస్తోంది, వెనక నేను, మేనత్త, ఒళ్ళో పూలతో పేటలోని ఆడవాళ్ళంతా. ఆ చోటు వచ్చింది. చెల్లెలు ఆగింది. మేమూ ఆగాం.

పాట ఆగలేదు. మమ్మల్ని దారిలో వదిలేసి వెళ్ళిపోయింది.

పూలు తీసిన చేతులు గాలిలోనే ఉండిపోయాయి. "తప్పు ప్లేటు ఇచ్చినట్టున్నారే" అంది మేనత్త. చెల్లెలు తల ఎత్తి నా వైపు చూసింది. ఏడుస్తుందో నవ్వుతుందో దానికే తెలియనట్టుంది. నేను మావయ్య వైపు చూశాను. ఆయన కొత్త ప్లేటు వంక, తన వేలి వంక చూసుకున్నాడు. తరవాత ముల్లు ఎత్తి ఆ ముక్క మొదట్లో పెట్టాడు. అది అయిపోగానే మళ్ళీ ఎత్తి అక్కడే పెట్టాడు. మళ్ళీ పెట్టాడు.

పూలు కురిశాయి. నా పెళ్ళిలో కూడా అన్ని పూలు పడలేదు. చెల్లెలు పూలల్లోంచి నవ్వుతూ తన వేలితో తన బుగ్గ పొడుచుకుని అడుగు వేసింది.

చర్చి చేరాక పెళ్ళికొడుకు తండ్రి పాపం నా పక్కకు వచ్చి మెల్లిగా అడిగాడు. "కొత్త ప్లేటన్నారు, పాడైనట్టుందేమిటండీ?"

"లేదండి బాబాయిగారూ, ఇప్పుడే బాగైందండి" అన్నాను.